తుప్పు వారి అసలు నడక

వర్షములు వెనుకబట్టి శరత్కాలము తొలియడుగు మోపిన యా సాయంసమయమున విశాఖపట్టణ సాగరతీరము తోమిన యిత్తడిపళ్లెమువలె మెఱయుచుండెను. అస్తమయారుణకిరణరంజితములైన తరంగములు ఒకదానినొకటి తఱుముకొనుచు వచ్చి యిసుకపై నురుగు పఱచి మరలిపోవుచుండగా దూరమున రేవునందలి మహోన్నతములగు క్రేనులు ఈ వింత యేమని మెడలు సాచి నిలిచియుండెను. వింతయే మఱి. తీరమున వెలసిన వేదికయెదుట వేలకొలది యువజనులు నల్లచొక్కాలు తొడిగి క్రిక్కిఱిసియుండిరి. ఆ చొక్కాలమీద తుప్పు అను పేరు తెల్లగా వ్రాయబడియుండెను.

వేదికపై డ్రమ్ముల వెనుక కూర్చుండిన అప్పలనరసయ్యకు ఆ జనసమ్మర్దమును జూచి గుండె యుబ్బినమాట నిజమే కాని అఱచేతులు చెమర్చినమాటయు నిజమే. ఓడల మరమ్మతుశాలలో నిప్పురవ్వలనడుమ వెల్డరుగా బ్రదుకు వెళ్లదీసిన యా పెద్దమనిషికి ఇంత బెదురు దేనికో చెప్పెదను.

నలువదియేండ్లనాడు జ్ఞానాపురమందలి యొక యద్దెగదిలో అప్పలనరసయ్యయు గాయని ఫిలోమినాయు గిటారు వాయించుచు పాటలు వ్రాసెడి జగన్నాయకులును గలసి యొక సంగీతబృందమును గట్టిరి. ఉప్పుగాలికి ఇనుమెల్ల తుప్పుపట్టు నగరము గావున దానికి తుప్పు అని పేరిడిరి. వారిది పోస్ట్ పంక్ అను జాతి సంగీతము. అనగా పంక్ పాటగాండ్ర కోపమును విడువకయే దానికి నిదానమును ఆలోచనను నేర్పిన సంగీతమన్నమాట. విన్నవారిలో సగముమంది లేచిపోయిరి. మిగిలినవారు చెవులప్పగించిరి.

ఒక తుపానువేళ కరెంటు పోగా నీరసించిన బ్యాటరీలతో నడచు టేపురికార్డరున వారు తమ పాటలను పట్టిరి. ఆ యంత్రము ఈడిగిలబడుచు తిరిగినందున పిదప మంచి యంత్రములందు క్యాసెట్టు పెట్టినప్పుడెల్ల పాటలు పరుగులు తీసెను. మరల పట్టుదమనుకొనుచుండగనే జగన్నాయకులు విషజ్వరమున కన్నుమూసెను. తక్కిన యిరువురికిని వాయింప మనసొప్పలేదు.

క్యాసెట్టు మాత్రము చావలేదు. చేతులు మాఱి ఊళ్లు దాటి కడకు ఇంటర్నెట్టునకెక్కి దేశమంతట అభిమానులను సంపాదించెను. యంత్రదోషమైన యా పరుగే తుప్పు వారి ప్రతిభ యయ్యెను. ఫిలోమినాది పిట్టగొంతనిరి. అప్పలనరసయ్యవి మెఱుపుచేతులనిరి. పాటలోని మాటలు మాత్రమొక్కరికిని తెలియలేదు. ప్రధానగీతమున పల్లవి వెంట వినవచ్చు మూడు కీచుకేకలను అర్థమెఱుగకయే అనుకరించి కుఱ్ఱకారు మురిసిపోవుచుండెను.

ఆ యభిమానులలో హిమజ యను యువతి జగన్నాయకుల గిటారువాదనము నంతయు విని విని నేర్చి వృద్ధులిద్దఱిని వెదకిపట్టి యీ కచేరీని కూర్చెను. అభ్యాసమునాడు అప్పలనరసయ్య అసలు నడకను వాయించి చూపగా ఆమె తెల్లబోయెను.

“ఇంత నెమ్మదిగా అయితే, సార్, పెద్దవారైపోయారు, చేతులాడట్లేదు అనుకుంటారండీ” అని నసిగెను.

“ఇప్పుడెందుకొచ్చిన గొడవ నరసయ్యా. ఆళ్లకి తెలిసిందే కొట్టీ. ఇన్నాళ్లకొచ్చిన పేరు పోగొట్టుకుంటావేటి?” అని ఫిలోమినాయు మందలించెను.

అతడు డ్రమ్ముకర్రలను త్రిప్పుచు “అది బ్యాటరీ నడక ఫిలోమినా. మన జగ్గడిది కాదు. ఆడి మాట ఒక్కరికీ ఇనపడకుండా నానెలాగ కొట్టేది?” అనెను.

పాటకు ఎత్తుగడ డ్రమ్ములది గావున నిర్ణయము నతనికే విడిచిరి. పరుగెత్తించెనా చప్పట్లు ఖాయము. నడిపించెనా నలువదియేండ్ల కీర్తి యా యిసుకలోనే కలిసిపోవచ్చును. అదియే యతని చెమటకు గారణము.

అప్పలనరసయ్య కర్రలెత్తి నిదానముగనే ఎత్తుకొనెను. జనమున గుసగుసలు పుట్టెను.

“బ్యాటరీ అయిపోయిందేటి తాతా?” అని ముందువరుసనుండి యొకడు కేకవేయగా నవ్వులు లేచెను.

అతని మణికట్లు వడిపెంచుటకు తహతహలాడెను. పండ్లు బిగబట్టి అతడు వానిని ఆపికొనెను. అంతట ఫిలోమినా గొంతెత్తెను. అది పిట్టగొంతు గాదు. బావిలోతునుండి చేదుకొన్న నీటివలె చల్లగా బరువుగా వచ్చిన గొంతు. రేవుగేటువద్ద కూలీలను పేరుతోగాక టోకెను నంబరుతో పిలుచు దినములలో జగన్నాయకులు వ్రాసిన పల్లవి మొట్టమొదటిసారి లోకమునకు వినవచ్చెను.

“నంబరు కాదు, నాకో పేరుంది
పిలిచి చూడు, పలుకుతాను.”

నవ్వులణగెను. పల్లవి వెంట ఫిలోమినా తన పేరు చాటెను. అప్పలనరసయ్య తన పేరు చాటెను. ఇన్నాళ్లు తాము వేసిన కీచుకేకలు మనుష్యుల పేర్లని జనమునకప్పుడు తెలిసెను. మూడవ చోటు జగన్నాయకులది. అది ఖాళీగా గడచిపోయెను.

పల్లవి మరల వచ్చెను. ఈసారి మూడవ చోటు రాగానే హిమజ మైకుకడకు వచ్చి తన పేరు చెప్పక “జగన్నాయకులు” అని పిలిచెను. మఱుసటి పల్లవికి ముందువరుసలో నవ్వినవాడు మొదలుకొని వేలగొంతులు ఆ పేరే పిలిచెను. పలుకవలసినవాడు లేడు. అప్పలనరసయ్య కన్నీరు తుడుచుకొనక తలయెత్తి పెద్దడ్రమ్ముపై నొక్క దెబ్బ వేసెను. వారు మరల పిలిచిరి. అతడు మరల పలికించెను. పిలిచినప్పుడెల్ల పలికించెను, రవ్వంతయు తొందరపడకుండ.