రెండు చోట్లా ఉన్నట్టే

ఆ ఇంట్లో కింద పెద్దకోడలి కాపురం, మీద చిన్నకోడలి కాపురం. అత్తగారు పోయి చాలాకాలమైనా ఆ పేర్లు మాత్రం పోలేదు. వీధిలోవాళ్ళు, చివరికి వాళ్ళ మొగుళ్ళు కూడా అలాగే పిలిచేవారు. తోడికోడళ్ళంటే ఉప్పూ నిప్పూ అనుకునేవాళ్ళకి ఆ ఇల్లు ఒక పట్టాన మింగుడుపడేది కాదు. కింద పెద్దామె దగ్గితే మీద నుంచి చిన్నామె, "అక్కా, వేడినీళ్ళు తాగు" అని కేకేసేది.

పెద్దకోడలు గుడ్డబొమ్మలు కుట్టేది. కుందేలు చెవి, ఏనుగు తొండం, ఎలుగుబంటి పొట్ట, అన్నీ ముక్కలు ముక్కలుగా కంప్యూటర్‌లో గీసి, కాగితం మీద ప్రింటు తీసి, ఆ కొలతకి గుడ్డ కత్తిరించేది. ఆట సామాను అమ్మే దుకాణాలవాళ్ళు ముందే చెప్పి మరీ కుట్టించుకునేవారు. ఏళ్ళ తరబడి గీసిన ఆ నమూనాలన్నీ ఆమె కంప్యూటర్‌లో 'బొమ్మలు' అనే ఒక్క ఫోల్డర్‌లో ఉండేవి. చిక్కల్లా ప్రింటర్‌తోనే. అది మేడమీద ఉంది. అచ్చుకూటానికి ఇంట్లోంచే ప్రూఫులు దిద్దే చిన్నకోడలిది అది. ఏ చిన్న ముక్క ప్రింటు కావాలన్నా పెద్దామె పెన్‌డ్రైవ్ గుప్పిట్లో పట్టుకుని, మోకాళ్ళని తిట్టుకుంటూ మెట్లెక్కాల్సిందే.

"నీ మోకాళ్ళ తిట్లు వినలేక చస్తున్నానక్కా. కంప్యూటర్లు రెండూ కలిపేస్తాను" అంది ఒకరోజు చిన్నకోడలు.

అన్నంత పనీ చేసింది. ఎలా కలపాలో చదువుకుంది. తీగ కొనుక్కొచ్చి, గోడకి తనే రంధ్రం పొడిచి, మీద గదినీ కింద గదినీ ఒకే రౌటర్‌కి తగిలించింది. అయినా చాలాసేపు ఆ రెండు కంప్యూటర్లూ ఒకదాన్నొకటి గుర్తుపట్టలేదు.

"తోడికోడళ్ళు కదమ్మా, మాట కలవడానికి కాస్త టైము పడుతుంది" అన్నారు బావగారు, చేతిలో పేపరు దించకుండానే.

చివరికి కింద పెద్దామె మీట నొక్కడం, మీద ప్రింటర్ గుర్రుమని ఎలుగుబంటి పొట్టని బయటికి తోయడం జరిగింది. చిన్నకోడలు ఆ కాగితం ఊపుకుంటూ మెట్లు దిగొచ్చింది. పెద్దామె చిన్నపిల్లలా చప్పట్లు కొట్టింది.

"మరి నా బొమ్మలన్నీ నీ దాంట్లో కూడా పెట్టవే చిన్నీ. ఇది ముసలిది, ఎప్పుడు కన్నుమూస్తుందో ఏమో."

"నా దాంట్లోనూ తెరుచుకుంటున్నాయిగా అక్కా. ఇంక రెండు చోట్లా ఉన్నట్టే."

ఏదో నోటికొచ్చినట్టు అనేసిన మాట అది. నిజానికి బొమ్మలు ఉన్నది కిందే. మీద కంప్యూటర్‌లో వాటిని చూడొచ్చు, మార్చొచ్చు, తీసేయొచ్చు, అంతే. చిన్నకోడలు ఆ సంగతి చదివింది కూడా. చదివి, ప్రింటర్ పనిచేసిన సంబరంలో వదిలేసింది. పెద్దామె మాత్రం ఆ మాట పట్టుకుని, పెన్‌డ్రైవ్‌లో దాచుకున్న ప్రతులన్నీ చెరిపేసి, దాన్ని కూతురికిచ్చి పాటలు ఎక్కించుకోమంది.

కొన్నాళ్ళకి చిన్నకోడలి కంప్యూటర్ నత్తనడక మొదలుపెట్టింది. అచ్చుకూటం వాళ్ళు తొందరపెడుతున్నారు. అడ్డమైనవన్నీ తీసేద్దామని కూర్చుంది. పాత ఫొటోలు తీసేసింది, సినిమాలు తీసేసింది. 'బొమ్మలు' కనబడింది. అసలువి ఎలాగూ అక్క దగ్గరున్నాయి, ఇక్కడివి ప్రతులే కదా అనుకుంది. శాశ్వతంగా తీసేయాలా అని కంప్యూటర్ అడిగింది. చెరిపేముందు అది అడిగే ప్రశ్నే అనుకుని, చదవకుండా అవునంది.

సాయంత్రం కింద నుంచి కేక వినబడింది. "చిన్నీ! నా బొమ్మలు కనబడట్లేదే!"

ఆ కేకతోనే చిన్నకోడలికి జరిగింది అర్థమైంది. దిగి వెళ్ళి చూస్తే ఫోల్డర్ ఖాళీ. చెత్తబుట్టలోనూ లేవు. పైకొచ్చి తన దాంట్లో వెతికింది, అక్కడా లేవు.

"నేనే ఏదో నొక్కేసుంటానే. నిద్రమత్తులో కూర్చున్నాను" అంది పెద్దామె వేళ్ళు చూసుకుంటూ.

'కాదక్కా, నేనే' అన్న మాట చిన్నకోడలి గొంతుదాకా వచ్చింది. ముందు వాటిని ఎలాగోలా వెనక్కి తెచ్చి, ఆ తర్వాత చెబుదామనుకుంది. "అయ్యో, చూద్దాంలే అక్కా" అంది.

ఆ చూడడం ఒక రోజుతో తెమల్లేదు. పెద్దామె గుర్తున్నంతవరకు మళ్ళీ గీయడం మొదలుపెట్టింది. గీసిందల్లా అదే కంప్యూటర్‌లో దాచేది. వచ్చినవాళ్ళందరికీ, "నా వేళ్ళకి బుద్ధి లేదండీ" అని చెప్పుకునేది. చిన్నకోడలు పక్కనే కూర్చుని టీ తాగేది. రోజు గడిచేకొద్దీ అసలు సంగతి చెప్పడం మరీ కష్టమైపోయింది. ఆఖరికి ఇద్దరూ కలిసి కంప్యూటర్‌ని రిపేరు షాపుకి మోసుకెళ్ళారు.

షాపతను దాన్ని విప్పి, చాలాసేపు చూసి, పెదవి విరిచాడు. "పోయిన వెంటనే ఆపేసి తెచ్చుంటే చాలావరకు దొరికేవమ్మా. చెరిపేసినా కొంతకాలం లోపల ఉంటాయి. వాటిమీదే కొత్తవి రాసుకుంటూ పోయారు. ఇప్పుడు ఏ నాలుగో ఐదో వస్తే గొప్ప. అసలు ఎలా పోయాయో తెలీదా?"

"తెలీదు బాబూ, నా చేతి పొరపాటే..." అంటోంది పెద్దామె.

"నాకు తెలుసు" అంది చిన్నకోడలు. "నేనే తీసేశాను. పోయిన రోజునే తెలుసు నాకు."

షాపతను తలవంచుకుని స్క్రూలు ఏరుకోసాగాడు. కంప్యూటర్‌ని అక్కడే వదిలి ఇద్దరూ ఇంటిదారి పట్టారు. ఇల్లు ఇంకాస్త దూరం ఉందనగా పెద్దామె దారిలో ఆగింది.

"తీసేసినందుకు కాదే నా బాధ. ఎవరి చెయ్యయినా జారుతుంది. వారం నుంచి నన్ను నేను తిట్టుకుంటుంటే, ఎదురుగా కూర్చుని ఎలా వింటూ ఊరుకున్నావు?"

పెద్దామె నాలుగు తిట్లు తిట్టినా, చెంప ఛెళ్ళుమనిపించినా బావుండుననిపించింది చిన్నకోడలికి. ఆమె ఆ రెండూ చేయలేదు. ఆ తర్వాత కూడా మాట్లాడేది, కూర చేస్తే గిన్నెలో పెట్టి పంపేది. కానీ ప్రింటు కావాలంటే, "తీరిక ఉంటే కాస్త తీసిపెడతావా?" అని అడిగేది. చిన్నీ అని పిలవడం మానేసింది.

షాపతను వెనక్కి తీసిచ్చిన నమూనాల్లో కుందేలు లేదు. చిన్నకోడలు దుకాణాల వెంట తిరిగి, ఒక అలమర అడుగున అమ్ముడుపోకుండా మిగిలిన పాత కుందేలుని పట్టుకుంది. ఇంటికి తెచ్చి, కుట్లన్నీ బ్లేడుతో జాగ్రత్తగా విప్పి, ముక్కలు పరిచి, అట్టమీద చుట్టూ గీసింది. సూది పని చేతకాని మనిషి, వేళ్ళనిండా గాట్లు. ఆ అట్టలు తీసుకెళ్ళి పెద్దామె ముందు పెట్టింది.

పెద్దామె ఒక్కొక్కటే చేతిలోకి తీసుకుని చూసింది. "గుడ్డ సాగిపోయిందిలే. చెవి వంపు ఇది కాదు."

"మళ్ళీ గీసుకొస్తానక్కా."

"వద్దు, నేను సరిచేసుకుంటాను. శ్రమపడ్డావు."

పెన్సిలు తీసుకుని పనిలో పడింది. కూర్చోమంటుందేమోనని చిన్నకోడలు గుమ్మం దగ్గర కాసేపు నిలబడింది. పెద్దామె తలెత్తకుండా చెవి వంపు దిద్దుతూనే ఉంది. పొయ్యిమీద పాలు పెట్టి వచ్చానని ఎవరూ అడక్కుండానే చెప్పి, పైకి వెళ్ళిపోయింది.