వంకర ఇంట్లో తిన్నటి పటం

బొమ్మలాయన పాళీని సిరాలో ముంచి, సీసా అంచుకు ఒత్తి, చెయ్యి కాగితం మీదకు తెచ్చి ఆగిపోయాడు. కుడిచేతి వేళ్ళు సన్నగా వణుకుతున్నాయి. ఎడమచేత్తో మణికట్టు పట్టుకుని చూశాడు. ఇప్పుడు రెండు చేతులూ వణికాయి.

వారపత్రికలో చివరి పేజీకి ముందు పేజీ, కింది మూలలో కార్టూను అతనిది. పెళ్ళయిన కొత్తలో దొరికింది. జుట్టు నెరిసినా ఆ మూల మాత్రం చెయ్యి జారలేదు. గీత పట్టు తప్పిందని ఆఫీసులో తెలిస్తే అదీ పోతుంది. అందుకే కొన్నాళ్ళుగా గీత వణికినా చెల్లిపోయే జోకులే వేస్తున్నాడు: చన్నీళ్ళ స్నానం, గతుకుల రోడ్డు మీద బస్సు, దెయ్యాన్ని చూసిన దొంగ.

భార్యకు చదువు రాదు. కింద మాటలు రాయకముందే బొమ్మను ఆమెకు చూపించడం అతని అలవాటు. ఆమె నవ్వితే ఆఫీసుకు పంపడానికి ధైర్యం వచ్చేది. ఈమధ్య ఆమె నవ్వడం లేదు.

"మీ బొమ్మల్లో అందరూ వణికిపోతున్నారేంటండీ?" అంది గుమ్మంలో నిలబడి, తడిచేతులు తుడుచుకుంటూ.

అతను పాళీ దించాడు. "నీకెప్పుడు తెలిసింది?"

"చొక్కా గుండీలు పెడుతున్నది నేనే కదా! తెలియకపోవడానికి గుడ్డిదాన్నా?"

అతను చాన్నాళ్ళుగా దాచుకున్న జోకు చెప్పాడు. ఇల్లంతా ఒక పక్కకు ఒరిగిపోయి ఉంటుంది. మొగుడు నిచ్చెనెక్కి గోడకు పటం తగిలిస్తాడు. పటం ఒక్కటే తిన్నగా ఉంటుంది. కిందనుంచి పెళ్ళాం, 'పటం కాస్త వంకరగా లేదూ?' అంటుంది.

"నిచ్చెన మీది మనిషి వణికినా ఫరవాలేదు. గోడ గీత వణికితే మాత్రం నవ్వు రాదు."

"స్కేలు నేను పట్టుకుంటా. మీరు గీయండి."

ఆమె బల్లకు అటువైపునుంచి వంగి, రెండు అరచేతులతో స్కేలును అదిమింది. పాళీ దాని అంచును ఆనుకుని నడిచింది. గోడ వచ్చింది. తలుపు వచ్చింది. పటం గీసి స్కేలు ఎత్తేసరికి, దాని కిందకు చేరిన సిరా గోడ మధ్యలో మచ్చయి కూర్చుంది.

"అయ్యో, పాడుచేశాను!"

మచ్చను కప్పేయడానికి తెల్లరంగు సీసా అందుకోబోయి అతను ఆగాడు. మచ్చ చుట్టూ పగుళ్ళు గీశాడు. మేకు దిగక పెచ్చు ఊడిన గుంట అయింది. దాని పక్కన ఇంకోటి, ఆ పక్కన మరోటి. వణికే చేతికి గుంటలు ఎంత బాగా వస్తున్నాయో! చివరికి మొగుడి బొటనవేలికి కట్టు కట్టి, కాగితం ఆమె వైపు తిప్పాడు.

ఆమె పెదవులు బిగబట్టింది. ఆగలేకపోయింది. "ఒక్క మేకుకి ఇన్ని బొక్కలా! అచ్చం మీరే!" కళ్ళనీళ్ళు వచ్చేదాకా నవ్వింది.

"కింద నిలబడి పెత్తనం చేసేది మాత్రం ఎవరట?" అన్నాడు, ఆ నవ్వునే చూస్తూ.

మధ్యాహ్నం ఆఫీసు మనిషి వచ్చి బొమ్మ పట్టుకెళ్ళాడు. సాయంత్రం ఇంటికి పోతూ మళ్ళీ వాకిట్లో ఆగాడు.

"అమ్మగారూ, ఎడిటరుగారు పడీపడీ నవ్వారండీ! అందర్నీ పిలిచి మరీ చూపించారు. వచ్చే వారానిది తొందరగా పంపమన్నారు."

"మెల్లగా నాయనా, కునుకు తీస్తున్నారు" అంది గానీ, ఆమెకే మనసు ఆగలేదు. గబగబా లోపలికి వెళ్ళింది.

"విన్నారా? మీ ఎడిటరుగారు..."

అతను కుర్చీలో, గడ్డం గుండెకు ఆనించుకుని ఉన్నాడు. భుజం తట్టింది. చేతిని చేతుల్లోకి తీసుకుంది. అది చల్లబడి ఉంది, వణకడం లేదు.

ఆమె పక్కనే కూర్చుని, ఆఫీసు మనిషి చెప్పిందంతా మొదటినుంచీ మెల్లగా చెప్పింది.

బల్ల మీద, కునుకు పట్టే ముందు అతను బిగించుకున్న కొత్త కాగితం ఉంది, నాలుగు మూలలా పిన్నులతో, తెల్లగా.