నాన్న, బారికేడ్లు, మూడేళ్ల జైలు

రోడ్డుకు అడ్డం పెడితే ఇకమీదట జరిమానాతో సరిపోదు, మూడేళ్ల దాకా జైలు అని కొత్త చట్టం వచ్చినప్పుడు, మా వీధిలో అందరికంటే ఎక్కువ సంతోషించినవాడు మా నాన్న.

"ఇన్నాళ్లకి బుద్ధొచ్చింది ప్రభుత్వానికి. కారు అడ్డంగా పెట్టి కాఫీ తాగేవాణ్ణి, ఇసక గుట్ట పోసేవాణ్ణి, అందర్నీ లోపలెయ్యాలి," అన్నాడు. ఆ మాట అంటున్నప్పుడు ఆయన వీధి నడిమధ్య గొంతుక్కూర్చుని ఒక ఇనప గేటుకు వెల్డింగ్ చేస్తున్నాడు. మా షాపులో మెషీను పడితే మనిషి పట్టడు. అందుకని ముప్పాతిక పని రోడ్డు మీదే.

మా ఇంట్లో కాలేజీ గడప తొక్కింది నేనే మొదలు. లా పూర్తిచేసి ఒక వకీలుగారి దగ్గర జూనియర్‌గా చేరాను. చదివిన చదువు ముందు ఇంటికి పనికిరావాలి కదా అని చట్టమంతా నాన్నకు చదివి వినిపించాను.

"నాన్నా, దీని కిందికి నువ్వూ వస్తావు."

"నాది అడ్డం కాదే, పని."

"జైల్లోనూ చువ్వలుంటాయిగా, ఆయనకి పొద్దుపోతుందిలే," అంది అమ్మ లోపలినుంచి.

ఆ వారమే హెడ్ కానిస్టేబుల్ వచ్చి, కొత్త చట్టం అమలుకు స్టేషన్‌కు బారికేడ్లు కావాలన్నాడు. ఎక్కడ పెట్టి చేయాలో కూడా ఆయనే బూటు కాలితో రోడ్డు మీద చూపించాడు. నాన్న ఛాతీ రెండంగుళాలు పెరిగింది.

సన్న పైపులు. బారికేడ్లు విడివిడిగా చేస్తే వేడికి వంకరపోతాయి. అందుకే నాన్న వాటిని నేలమీద వరసగా పరిచి, పక్కపక్కవాటిని చిన్న చిన్న అతుకులతో కలిపేస్తాడు. ఒకదానికొకటి తోడుండి తిన్నగా నిలుస్తాయి. ఓ రాత్రంతా చల్లారాక అతుకులు కొట్టి విడదీస్తాడు. అలా అన్ని బారికేడ్లూ కలిసి ఒకే పొడుగాటి వస్తువై వీధిలో పడుకున్నాయి. సైకిలు తప్ప ఏదీ పోయే దారి లేదు.

చట్టం అమల్లోకి వచ్చిన రోజు సాయంత్రం ఇన్‌స్పెక్టర్ జీపు మా వీధి మొదట్లోనే ఆగిపోయింది. కొత్తగా వచ్చిన మనిషి. దిగి నడుచుకుంటూ వచ్చాడు. వెనక హెడ్ కానిస్టేబుల్ మేఘాలు లెక్కపెడుతున్నాడు.

"ఎవరిదయ్యా ఇది?"

"తమదేనండి," అన్నాడు నాన్న వినయంగా.

"నాదైతే మాత్రం రోడ్డు నా అత్తగారిల్లా? ఎక్కు జీపు."

నాన్న చేతిలో వెల్డింగ్ రాడ్డు అలాగే ఉండిపోయింది. అమ్మ గుమ్మంలోకి వచ్చి నన్ను ముందుకు తోసింది.

"సార్, నేను వీళ్లమ్మాయిని. లాయర్ని," అన్నాను.

"అయితే నువ్వే చెప్పమ్మా. దీనికి శిక్షెంత?"

"మూడేళ్ల దాకా వెయ్యొచ్చు సార్."

నాన్న నావంక చూశాడు. "ఇందుకేనా నిన్ను చదివించింది," అన్నాడు మెల్లగా.

"చెప్పనివ్వు నాన్నా. అడ్డం పెట్టినవాళ్లకెంతో పెట్టించినవాళ్లకీ అంతే సార్. ఇక్కడే పెట్టి చెయ్యమని హెడ్‌గారు చూపించారు."

హెడ్ కానిస్టేబుల్ మేఘాలనుంచి దిగాడు. ఇన్‌స్పెక్టర్ ఆయనకేసి చూసిన చూపుకి ఇనుము అతుక్కునేదే.

"ముందిది తియ్యండి," అన్నాడు చివరికి. "పొద్దున్నే పెద్దాఫీసరొస్తున్నారు, నాకు స్టేషన్ ముందు బారికేడ్లు కావాలి. విడదియ్యి."

"ఇప్పుడే విడదీస్తే పాములై మెలికలు తిరుగుతాయండి. తెల్లారాలి."

"తెల్లారేదాకా రోడ్డు మీద ఉంచితే నా ఉద్యోగం తెల్లారుతుంది. ఉన్నదాన్ని ఉన్నట్టే మొయ్యండి."

కానిస్టేబుళ్లు రెండు వైపులా చేరి భుజానికెత్తుకున్నారు. ముందు ఇన్‌స్పెక్టర్, వెనక నాన్న, ఆయన పక్కన నేను. ఆయనను వదిలేశారో పట్టుకెళ్తున్నారో నాకే తెలియలేదు. ఎదురొచ్చిన బండ్లన్నీ వెనక్కి నడిచాయి. మలుపు దాకా బాగానే వెళ్లాం. మలుపులో ముందుభాగం మందుల షాపుకు తగిలింది, వెనకభాగం చెప్పుల షాపులో దూరింది. ముందుకీ రాదు, వెనక్కీ పోదు. నాలుగు రోడ్లూ ఆగిపోయాయి. హారన్ల మోతకు మందుల షాపువాడు చెవుల్లో దూది పెట్టుకున్నాడు.

"ఇక్కడ కొట్టు," అన్నాడు ఇన్‌స్పెక్టర్ నుదురు తుడుచుకుంటూ.

నాన్న సుత్తి, ఉలి సంచిలోంచి తీసి, మళ్లీ సంచిలో పెట్టేశాడు.

"రోడ్డు మీద పనిచేస్తే మూడేళ్లటండి. అమ్మాయి చెప్పింది."

నేను పక్కనుంచి తలూపాను. నిజం అదే కదా.

ఇన్‌స్పెక్టర్ నాలుగు రోడ్లకేసీ చూశాడు. టోపీ తీసి చంకలో పెట్టుకున్నాడు.

"పెద్దాయనా, పెట్టించినవాణ్ణి నేను. ఇందాకటిదీ, ఇప్పటిదీ. నీమీద ఏ కేసూ లేదు, అందరి ముందూ చెప్తున్నా. వంకరపోతే పోనీ. కొట్టు."

నాన్న మాత్రం తొందరపడలేదు. నేలమీద కూర్చుని, అతుకు అతుకునీ వేలితో తడిమి చూసి, వేడి తగ్గినదాన్ని ముందు కొట్టాడు. ఒక్కొక్కటే విడిపోతుంటే కానిస్టేబుళ్లు మోసుకుపోతున్నారు. సగం పనిలో ఉండగా వెనకనించి ఒక కారు వరస తప్పించుకొచ్చి, రోడ్డుకు అడ్డంగా ఆగింది.

నాన్న సుత్తి దించి ఇన్‌స్పెక్టర్ మోచెయ్యి తట్టాడు.

"చూడండి సార్, ఎలా అడ్డం పెట్టాడో. ఇలాంటి వాళ్లకి మూడేళ్లు చాలవండి."