ముప్పయ్యో తల్లి

“మా వంట గంజుల ఊరోళ్ల పాలసీసలు ఉడకబెట్టుడేంది? ఛీ, మైల!” అని అత్త నాగమణమ్మ కసిరిన రోజు నుంచీ విమల తన సీసాలకు పెరట్లో వేరే పొయ్యి పెట్టుకుంది. దాని దగ్గరికి చేరేది ఇంటెడు చాకిరీ అయ్యాకే. దుకాణానికి పోయే మామకు టిఫిను, మొగుడు అనురాగ్‌కు డబ్బా, నాలుగేళ్ల కూతురికి జడలు, అత్తకు కాఫీ, అందులో చక్కెర ఎక్కువైందని మళ్లీ ఇంకో కాఫీ. కోడలు సైంటిస్టని కార్వాన్ బస్తీ అంతా చెప్పుకునేవాళ్లే గానీ, ఆ సైంటిస్టు బస్సెక్కేలోపు ఎన్ని గిన్నెలు తోమిందో అడిగిన పాపాన ఎవరూ పోలేదు.

నిజానికి విమల సైంటిస్టేమీ కాదు, ఒక ప్రయోగశాలలో తాత్కాలిక ఉద్యోగి. పాతబస్తీలోని ప్రసూతి ఆసుపత్రికి వెళ్లి, కొత్తగా కన్నవాళ్ల ముర్రుపాలు సేకరించి తేవడం ఆమె పని. తల్లిపాలలో ఇనుమును పట్టి ఉంచే ప్రొటీను ఒకటి ఉంది, లాక్టోఫెర్రిన్ అంటారు. మొదటి రెండు మూడు రోజుల చిక్కటి పసుప్పచ్చ పాలలోనే అది ఎక్కువ. గాజుపళ్లెంలో పెంచిన క్యాన్సర్ కణాలకు దాన్ని తగిలిస్తే వాటి పెరుగుదల మందగిస్తోంది. పళ్లెంలో మందగించింది మనిషిలో మందగిస్తుందా అంటే, 1998లో ఎవరూ చెప్పలేరు. అయినా సరే, ఆడదాని ఒంట్లోంచి వచ్చినదానికి ఇంత విలువ ఉందని తెలిశాక విమలకు ఆ పనంటే ప్రాణమైపోయింది. “డిసెంబరు ముప్పై ఒకటికల్లా ముప్పైమంది తల్లుల పాలు రావాలమ్మా. లేకపోతే మీ పోస్టు పొడిగించమని నేను పైవాళ్లను అడగలేను,” అన్నారు పైఅధికారి శ్రీహరిరావుగారు. “అయినా కష్టమేముందిలెండి, ఎలాగూ పారబోసేవే కదా!”

పారబోసేవే. అందులో అబద్ధం లేదు. ముర్రుపాలు అరగవని, బిడ్డకు పడవని పెద్దవాళ్లు మూడురోజులు గుడ్డల్లోకి పిండించేవాళ్లు. డాక్టరమ్మలు తాగించమని మొత్తుకున్నా, వాళ్లు అటు తిరగగానే మంచాల దగ్గర అత్తల మాటే చెల్లేది. ఆయా బుచ్చమ్మ “గుడ్డల్లకెందుకు, గీ సీసల పొయ్యున్రి” అని చెప్పిపెట్టేది. నవంబరు సగం దాటేసరికి పదకొండు సీసాలు నిండాయి.

పన్నెండో సీసా రాజమణిది. ఫలక్‌నుమాలో అగరుబత్తులు చుట్టే పిల్ల, తొలి కాన్పు. ఆమె సీసాలోకి పాలు పిండుతుంటే, పక్కన పసిగుడ్డు చక్కెరనీళ్ల వత్తి చప్పరించి చప్పరించి గుక్కపట్టి ఏడుస్తోంది.

“గీ పాలు నీకెందుకక్కా?” అంది రాజమణి.

అడిగేవాళ్లే లేని విమలకు ఆ ప్రశ్నతో ప్రాణం లేచి వచ్చింది. రోగాలను అడ్డుకునే గుణం గురించి, క్యాన్సర్ కణాల గురించి, గాజుపళ్లేల గురించి సంబరంగా చెప్పుకుపోయింది. రాజమణి అంతా శ్రద్ధగా విని, సీసా వంక ఓసారి, బిడ్డ వంక ఓసారి చూసింది.

“గంత మంచియైతే మరి నా బిడ్డకెందుకు వద్దంటున్రక్కా?”

విమలకు తన కాన్పు గుర్తొచ్చింది. అయ్యో, నాలుగేళ్ల కింద తన రొమ్ములు పట్టి పిండింది నాగమణమ్మ చేతులు కావా? బిడ్డ పక్కగదిలో ఆకలికి కేకలు పెడుతుంటే, “అమ్మ నల్గురిని కన్నది, నీకంటె ఎక్కువ తెల్సు, లొల్లి జెయ్యకు” అన్నది అనురాగ్ కాదా? ఆ మూడురోజుల ఏడుపు ఇప్పటికీ చెవుల్లో ఉంది. అంత ఉండీ, అన్నన్ని పరిశోధన పత్రాలు చదివీ, నాలుగు నెలలుగా ఏ తల్లితోనూ తాను ఆ ఒక్కమాట అనలేదు. తెలియక కాదు. అంటే సీసాలు నిండవు కనక. సారుకు తానొక పనిమనిషి. ఇంట్లో తానొక పనిమనిషి. మరి ఈ వార్డులో తానెవరు? సిగ్గుతో చచ్చిపోయినంత పనైంది విమలకు.

“పట్టియ్యి రాజమణీ, పిండకు. బిడ్డకే పట్టియ్యి,” అంది.

బుచ్చమ్మ నెత్తి కొట్టుకుంది. “ఏంది బిడ్డా, నీ బువ్వల నువ్వే మన్ను పోసుకుంటవా?”

పోసుకుంది. ఆ మాట మంచం నుంచి మంచానికి పాకి, సీసాలు ఖాళీగా రావడం మొదలైంది. “మీరు ఉపన్యాసాలివ్వడానికి వెళ్తున్నారా, శాంపిళ్ల కోసం వెళ్తున్నారా?” అన్నారు శ్రీహరిరావుగారు. “మంచిగైంది, ఇంట్లనే ఉండు,” అన్నాడు అనురాగ్.

పదిరోజులు గడిచాక ఒక పొద్దున వార్డులో అడుగుపెట్టగానే బుచ్చమ్మ చెయ్యి పట్టుకుని లాక్కుపోయింది. మంచం మీద కూర్చున్న ఒకామె నిద్రపోతున్న పాపను భుజాన వేసుకుని చెయ్యి చాచింది. “బోతల్ దేవ్ బాజీ. బచ్చీ కా పేట్ భర్ గయా.” పాప కడుపు నిండింది, సీసా ఇమ్మంటోంది. బిడ్డ తాగాక మిగిలిన చెంచాడు పాలు పిండి ఇచ్చింది. పక్కమంచం ఆమె ఇంకో చెంచాడు. డిశ్చార్జయి పోతూ పోతూ రాజమణి వార్డంతా తిరిగి చెప్పిందట: “ఆ అక్క మన పిల్లల కడుపు జూసింది, మిగిలితె ఆమెకియ్యున్రి.” విమల ఏడ్చేసింది. ఈ జన్మలో తనకు అడక్కుండా ఏదైనా ఇచ్చింది ఈ ఆడవాళ్లేననిపించింది. పేరు పేరునా దండం పెట్టింది.

డిసెంబరు ముప్పై నాటికి ఇరవైతొమ్మిది అయ్యాయి. ఆ పగలే ఆడపడుచు హరిచందన దవాఖానలో ఆడపిల్లను కన్నది. విమల వెళ్లేసరికి నాగమణమ్మ గుమ్మంలోనే ఎదురొచ్చింది.

“ఒక్కటి తక్కువైందంటివి గదా? చందనయి ఎట్లైన పిండి పారబొయ్యాలె. సీస తే, నిండ పట్టుకపో.”

పెళ్లయిన ఏడేళ్లలో అత్త తన పని గురించి ఆలోచించడం అదే మొదలు. దానికి విమలకు నిజంగానే కళ్లు చెమర్చాయి. మూత తియ్యడమే తరువాయి, ఉద్యోగం నిలుస్తుంది. పొత్తిళ్లలో పిల్ల నోరు వెతుక్కుంటోంది.

“వద్దత్తమ్మా. మొదాలు పిల్ల తాగాలె. మిగిలితెనే నాకు.”

“నల్గురిని కన్నదానికి చెప్తున్నవా?”

హరిచందన తల్లినీ వదినెనూ మార్చి మార్చి చూసి, “పిల్లనిటియ్యి వదినె,” అంది.

పిల్ల తాగింది. రెండువైపులా తాగింది. మళ్లీ ఏడ్చి మళ్లీ తాగింది. సాయంత్రమైనా ఒక్క చుక్క మిగలనివ్వలేదు. చూస్తూ చూస్తూ నాగమణమ్మ మెల్లగా అడిగింది, “మరి నీ బిడ్డకు నేను…?”

ఆ ప్రశ్నకు నాలుగేళ్లుగా దాచిపెట్టుకున్న జవాబులన్నీ విమల పక్కన పెట్టేసింది.

“మనకప్పుడు తెల్వదత్తమ్మా. నాకు గూడ మొన్న రాజమణి అడుగుతెనే తెల్సింది.”

“ఎవరామె?”

“నాకు చదువు చెప్పినామె.”

మర్నాడు పొద్దున్నే ప్రయోగశాలకు వెళ్లి విమల రిజిస్టరు తెరిచింది. పోతే పోనీ ఉద్యోగం అనుకుంది. ముప్పయ్యో వరసలో తల్లి పేరు హరిచందన అని రాసి, ఎన్ని పాలు వచ్చాయన్న గడిలో గుండ్రటి అక్షరాలతో నింపాదిగా రాసింది: బిడ్డ తాగింది.