వీపు మీద చెయ్యి

గురవయ్య పోయింది పౌర్ణమినాడు. పౌర్ణమికీ అమావాస్యకూ యోగసాధన ఉండదు కాబట్టి ఆ రోజు గోడౌనుకు ఎవరూ రాలేదు. మర్నాడు పొద్దున ఐదున్నరకు మాత్రం తొమ్మిదిమందీ వచ్చి, చాపలు పరుచుకుని, ఆయన కోసం ఎదురుచూస్తూ కూర్చున్నారు. ముందే ఫోన్లు చేయాలని ఆయన కూతురు సరళకు తోచలేదు. తనే నడిచి వెళ్ళి గుమ్మంలో నిలబడింది.

"నాయన నిన్న సాయంత్రం పోయినాడు" అని చెప్పింది.

గురవయ్య మార్కాపురంలో ముప్పై ఏళ్ళు పలకలు కోశాడు. ఆ దుమ్ము రొమ్ములో చేరి, నలభై దాటేసరికి నాలుగు మెట్లెక్కితే రెండుసార్లు ఆగాల్సి వచ్చేది. గిద్దలూరులో ఒక ముసలి యోగా గురువు ఉన్నాడని ఎవరో చెబితే, ఏడేళ్ళపాటు ప్రతి ఆదివారం బస్సెక్కి వెళ్ళి నేర్చుకున్నాడు. తర్వాత మూతబడిన పలకల గోడౌనులో, యజమానిని అడిగి, తను నేర్పడం మొదలుపెట్టాడు.

ఆ పద్ధతిలో ఆసనాలకు ఒక వరస ఉంది. గాలి పీలుస్తూ చేతులెత్తాలి, వదులుతూ వంగాలి. ఊపిరి ముందు నడిస్తే ఒళ్ళు దాని వెనక నడవాలి. ఒక్కో ఆసనంలో ఐదు శ్వాసలు నిలవాలి. ఆ ఐదూ ఒకే పొడవున వచ్చేదాకా తర్వాతి ఆసనం లేదు. అది గురువు ఇవ్వాల్సిందే గాని, ఎవరికివారు తీసుకునేది కాదు. ఇచ్చేముందు గురవయ్య మనిషి వెనక కూర్చుని, పక్కటెముకలు ముగిసేచోట వీపు మీద అరచెయ్యి ఆనించి చూసేవాడు. ఆడవాళ్ళకైతే సరళ చేత చెయ్యి పెట్టించి, తను పక్కన నిలబడి ఊపిరి చప్పుడు వినేవాడు. ఆమె చెయ్యి మాత్రమే పెట్టేది. తేల్చేది ఆయన.

పదకొండో రోజు కార్యం అయ్యాక సరళ గోడౌను తెరిచింది. ఆమె జిల్లా పరిషత్ హైస్కూల్లో తెలుగు టీచరు. తొమ్మిదింటికి బడిలో ఉండాలి. అందుకని గోడ గడియారం చూస్తూ లెక్క చెప్పసాగింది.

మూడో రోజు షాహజాదీ చేతులు దించేసింది. ఆమెకు బజారులో బట్టలు కుట్టే దుకాణం ఉంది. అందరికంటే పాత శిష్యురాలు.

"ఏంది సరళమ్మా, ఆగస్టు పదిహేను పెరేడా ఇది? నేను రెండోది వదలకముందే నువ్వు నాలుగంటివి!"

అందరూ నవ్వారు. సరళకూ నవ్వు వచ్చింది. నాయన ఎప్పుడూ గడియారం వంక చూడలేదని అప్పుడు గుర్తొచ్చింది. అందరిలోకీ ఎవరి ఊపిరి నిదానమో వాళ్ళ వీపు చూసి లెక్కపెట్టేవాడు. ఆ రోజునుంచి ఆమె షాహజాదీ వీపు చూడటం నేర్చుకుంది. ఆ పొద్దు బడికి పది నిమిషాలు ఆలస్యంగా వెళ్ళింది.

నెల తిరిగాక శివకృష్ణ అడిగాడు. అతను ఆర్టీసీ కండక్టరు. ఎనిమిది నెలలుగా మరీచ్యాసనం దగ్గర ఆగిపోయి ఉన్నాడు. ఒక కాలు మడిచి తొడమీద వేసి, రెండో మోకాలు నిలబెట్టి, నడుము తిప్పి, ఆ మోకాలి చుట్టూ చెయ్యి పోనిచ్చి వీపు వెనక రెండో చేతిని పట్టుకోవాలి.

"అక్కా, పెద్దాయన నాకు మాటిచ్చినాడు. పున్నమి పోనీ, తర్వాతది నావాసనం ఇస్తా అన్నాడు. ఇంక నువ్వే ఇయ్యాల."

"ఏ పున్నమో చెప్పినాడా?" అంది షాహజాదీ. "నాకు మూడు పున్నములు చెప్పినాడు గురవయ్యన్న. నాలుగోసారి నేను అడగడమే మానుకుంటి. అప్పుడిచ్చినాడు."

"నువ్వు ఊరుకో అక్కా. జనాలకు రవికెలు గూడా నువ్వట్లనే ఇస్తావు, పండగ పోయినాక."

"అబ్బో, నీ బస్సు టైముకొచ్చినట్టే!"

శివకృష్ణ నవ్వలేదు. "ఒంగోల్లో నెలకంతా అన్నీ నేర్పిచ్చి సర్టిఫికెట్ గూడా ఇస్తాండారు. నేను పోతే నా ఎనక ఇంకో నలుగురు వస్తారు. తర్వాత నీ ఇష్టం."

అది ఉత్త బెదిరింపు కాదు. మనుషులు వస్తున్నంత కాలమే గోడౌను ఇస్తానని యజమాని కర్మనాడే చెప్పాడు. నాయన పెట్టినవాటిలో ఈ సాధన ఒక్కటే మిగిలింది. ఆసనం ఇచ్చేస్తే ఈ గొడవ ఒక్క మాటతో పోయేది. సరళకు నావాసనం వచ్చు కూడా.

"కూర్చో. ఊపిరి బాగుందా?" అంది.

"బ్రహ్మాండంగా ఉంది."

అడిగాక తప్పు తెలిసింది. తరగతిలో అర్థమైందా అంటే నలభై తలలూ ఊగుతాయి. నాయన ఎవర్నీ అడగలేదు. ఆమె ఆసనం వేసిన శివకృష్ణ వెనక మోకాళ్ళమీద కూర్చుని, మొదటిసారి ఒక మగమనిషి వీపు మీద చెయ్యి పెట్టింది. ఒకటి, రెండు, మూడు సమంగా వచ్చాయి. నాలుగుకు చెయ్యి కదల్లేదు. ఐదుకూ కదల్లేదు. చప్పుడు లేదు, తొణుకు లేదు. ఎదురుగా చూసేవాళ్ళకు అంత నిలకడ ఎవరికీ ఉండదనిపిస్తుంది. అతను గాలి బిగబట్టి కూర్చున్నాడు.

"నాలుగు, ఐదు నువ్వు పీల్చలేదు."

"పీల్చినా."

"నా చెయ్యి కదల్లేదు శివకృష్ణా."

అతను కాలు విప్పుకున్నాడు. "ఇట్లనే చేస్తాంటి. పెద్దాయన ఏమీ అనలా."

"ఇయ్యనూ లేదు గదా."

చాప చుట్టుకుని వెళ్ళిపోయాడు. మూడు రోజులు రాలేదు. అతని వెంట ఇద్దరు మానేశారు. నాలుగో రోజు అతనొక్కడే తిరిగొచ్చి చివర కూర్చున్నాడు. సాధన అయ్యాక దగ్గరకొచ్చాడు.

"సరే అక్కా. చేతులు ముడి పడినాక లోపలికి గాలి పోదు. ఆడ ఎట్ల పీల్చాలో చెప్పు."

సరళకు తెలియలేదు. తన ఒంటికి అది ఎప్పుడో పట్టుబడింది. ఎలా పట్టుబడిందో నాయన చెప్పలేదు, ఆమె అడగలేదు. లోపం ఎక్కడుందో పట్టుకోగలిగింది గాని, దాన్ని సరిచేసే ఉపాయం ఆమె దగ్గర లేదు. ఆ మాటే అతనికి చెప్పింది.

"నాకు తెలీదు. కనుక్కుంటా."

"గిద్దలూరు అవతల మణెమ్మ ఉంది గదా" అంది షాహజాదీ. "గురవయ్యన్న, ఆయమ్మ ఒకే గురువు దగ్గర నేర్చుకున్నారంట. పోయి అడుగు."

మణెమ్మ నల్లమల అంచున మేకలు మేపుకుంటూ ఒక్కతే ఉంటుంది. ఫోను లేదు. గురవయ్య ఏడాదికొకసారి వెళ్ళి చూసివచ్చేవాడు. ఆమె తప్ప ఈ పద్ధతి పూర్తిగా తెలిసినవాళ్ళు ఇప్పుడు లేరు.

ఆదివారం సరళ గిద్దలూరు బస్సెక్కింది. మణెమ్మను ఏం అడగాలో కాగితం మీద వరసగా రాసుకుంది. మొదట ఏం చెప్పాలో రాసుకోలేదు. గురవయ్య రాలేదేమని ముసలామె అడుగుతుంది, నాయన పోయాడని మళ్ళీ తనే చెప్పాలి. సగం దారిలో కంభంలో దిగి, ఎదురుగా వచ్చిన మార్కాపురం బస్సెక్కి ఇంటికి వచ్చేసింది.

తర్వాతి రెండు ఆదివారాలు బడి పరీక్షల పేపర్లు దిద్దుకుంటూ కూర్చుంది. గోడౌనుకు ఇప్పుడు ఏడుగురు వస్తున్నారు. శివకృష్ణ మరీచ్యాసనంలో మూడు శ్వాసలు తీసుకుని విప్పేస్తున్నాడు. బిగబట్టడం మానేశాడు. గురవయ్య పోయిన సంగతి మణెమ్మకు సరళ ఇంకా చెప్పలేదు.