గుప్పెడు దూది

మధ్యాహ్నం అన్నం వేళకు కూత వేసినా ఆ రోజు ఫ్యాక్టరీ గేటు తియ్యలేదు. సాయంత్రానికల్లా లారీ నిండాలనీ, ఆడవాళ్లంతా ఉన్నచోటే నాలుగు ముద్దలు తిని మళ్లీ పనిలో పడాలనీ సూపర్‌వైజర్ చలపతిరావు చెప్పి వెళ్లాడు. రేకుల కప్పు కింద పొడుగాటి బల్లలకు అటూ ఇటూ నిలబడి ఆడవాళ్లు సీసాల్లో మాత్రలు పోస్తున్నారు. పోసిన సీసా మూతిలో కాస్త దూది కూరి, మూత బిగించి, పక్కకు తోస్తున్నారు. రోహిణి ఎండలకు కాలిన రేకులు ఇంకా చల్లారలేదు. ఫంకా ఒక్కటే ఉంది. అది చలపతిరావు కుర్చీ మీద తిరుగుతుంది.

బల్ల దగ్గరున్న రుక్కమ్మకు గోడ అవతలి నుంచి పసివాడి ఏడుపు వినిపించింది.

ఎంతమంది పిల్లలు ఏడ్చినా తన పిల్లవాడి గొంతు తల్లికి తెలియకపోదు. వాడికి అయిదో నెల. రోజూ ఈ వేళకు కూతురు సుగుణ వాణ్ణి చంకనేసుకుని, కూకట్‌పల్లి ఊరి చివర తామున్న కిరాయి గది నుంచి రాళ్లగుట్టల మధ్య నడిచి ఈ మందుల ఫ్యాక్టరీ దాకా వస్తుంది. ప్రహరీ పక్క వేపచెట్టు కింద కూర్చుని రుక్కమ్మ పిల్లవాడికి పాలిస్తూనే తను తెచ్చుకున్న అన్నం తిని, మళ్లీ కూత వేసేలోగా లోపలికి వచ్చేస్తుంది. బడికి సెలవులిచ్చాకే ఆమె పురుడు నుంచి మళ్లీ పనిలోకి వచ్చింది; అప్పటి నుంచి ఇట్లాగే గడిచిపోతోంది. వేసవి ఎప్పుడు పోతుందా అని ఊరంతా ఎదురుచూస్తుంటే, పోకపోతే బాగుండునని ఆమె ఒక్కతే అనుకుంది.

రేపు బడి తెరుస్తారు. సుగుణ ఏడో తరగతిలోకి వచ్చింది. ఆ పిల్ల బడికి పోతే పసివాణ్ణి చూసే దిక్కు లేదు. బాలానగర్‌లో లారీలకు మూటలెత్తే మొగుడు బాలనర్సయ్య, "ఆడపిల్లకు ఆరు కలాసులు చాలు తీ" అన్నప్పుడు రుక్కమ్మ కాదనలేదు. కాదనడానికి ఆమె దగ్గర వేరే ఉపాయం ఉంటే కదా! అప్పటి నుంచి సుగుణ పొయ్యి దగ్గరా, బావి దగ్గరా, ఎక్కడ కూర్చుంటే అక్కడ కళ్లు తుడుచుకుంటూనే ఉంది.

ఏడుపు ఆగలేదు. రుక్కమ్మ చేతిలో సీసా బల్ల మీద పెట్టి చలపతిరావు కుర్చీ దాకా పోయింది.

"సారూ, పిలగాడు ఏడుస్తున్నడు. జర గేటు దాక పోయి..."

"మీ అమ్మాయి ఉందిగా బయట? ఊరుకోబెడుతుందిలే. ఇప్పుడు గేటు తీస్తే ఒక్కరితో ఆగుతుందా చెప్పు? పో, పోయి పని చూడు."

ఆమె తిరిగి వచ్చింది. ఏడుపు కాసేపు హెచ్చి, కాసేపు తగ్గి, చివరికి బొంగురుపోయింది. ఆ గొంతు వింటుంటే రొమ్ములు రాళ్లలా గట్టిపడి, తర్వాత వాటంతటవే కారడం మొదలుపెట్టాయి. కొంగు అడ్డం వేసుకుంది. కొంగు తడిసింది. రవికె ముందుభాగమంతా తడిసి ఒంటికి అతుక్కుంది. లారీలోకి పెట్టెలెక్కించే మగవాళ్లు లోపలికీ బయటికీ తిరుగుతున్నారు. చలపతిరావు కూడా లేచి బల్లల వెంట నడుస్తూ ఇటే వస్తున్నాడు. రుక్కమ్మకు ముఖం ఎక్కడ దాచుకోవాలో తెలియలేదు. బల్ల మీద కుప్పగా పోసిన దూదిలోంచి ఒక గుప్పెడు తీసి, అటు తిరిగి, రవికెలో కుక్కుకుంది.

సాయంత్రం పని వదిలే వేళకు ఆమె దాని సంగతే మరిచిపోయింది.

గేటు పక్కన గోనెపట్టాల చాటున నాగేశ్వరి అనే ఆమె ఆడవాళ్లను సోదా చేసి ఒక్కొక్కరినే బయటికి పంపుతుంది. ఆమెకూ ఇది ఇష్టమైన పనేం కాదు. కళ్లు ఎటో పెట్టి, చేతులతో పైపైన తడిమి, పో అంటుంది. ఈమధ్య స్టోరులో సరుకు తగ్గుతోందని యజమాని కేకలేసినప్పటి నుంచి మాత్రం చలపతిరావు కూడా వచ్చి పట్టాల ఇవతల నిలబడుతున్నాడు.

నాగేశ్వరి చెయ్యి రుక్కమ్మ రవికె దగ్గర ఆగిపోయింది. రుక్కమ్మకు దూది సంగతి అప్పుడు గుర్తొచ్చింది.

"ఏందక్కా గిది?" అని నాగేశ్వరి గొంతు తగ్గించి అడిగింది. పట్టుకుని చూసేసరికి ఆమెకూ అర్థమైంది. దూది పాలతో తడిసి ముద్దయి ఉంది. ఆమె చెయ్యి వెనక్కి తీసుకోబోయింది.

"ఏంటక్కడ ఆలస్యం?" అంటూ చలపతిరావు పట్టా పక్కకు లాగాడు. "ఏం దొరికింది? ఇలా తే."

నాగేశ్వరి తెచ్చి చూపక తప్పలేదు.

"దూది! సరుకు ఎటు పోతోందా అని నేను తల బద్దలు కొట్టుకుంటుంటే! ఎందుకు తీశావమ్మా?"

రుక్కమ్మ నోరు తెరిచింది. ఎదురుగా చలపతిరావు, అతని వెనక వాచ్‌మన్, ఆ వెనక లారీ డ్రైవరూ కూలీలూ ఉన్నారు. పాలు అనే మాట ఆ మగవాళ్ల మధ్య నోటికి రాలేదు.

"తీసిన సారూ," అంది.

"తీశావని తెలుస్తూనే ఉంది. ఎందుకని అడుగుతున్నా."

ఆమె కొంగు ఇంకా దగ్గరగా కప్పుకుంది.

"ఇంట్లో దీపం వత్తులకా? లేక అమ్ముకోడానికా? ఈసారికి సగం రోజు కూలి కట్. ఇంకోసారి దొరికితే అసలు గేటు లోపలికే రానివ్వను. అందరికీ బుద్ధి రావాలి. అదుగో, ఆ గేటు పక్కన నిలబడు. అది చేత్తో పైకెత్తి పట్టుకో, ఆఖరి మనిషి పోయేదాకా."

రుక్కమ్మ నిలబడింది. తడి దూది పిడికిట్లో పట్టుకుని చెయ్యెత్తింది. ఆడవాళ్లు ఒక్కొక్కరే ఆమె ముందు నుంచే పోయారు. కొందరు చూడనట్టు పోయారు. ఆ చూడకపోవడమే ఎక్కువ నొప్పి పెట్టింది. పక్క బల్ల మీద పనిచేసే భాగ్యమ్మ ఆగి ఏదో అనబోయింది గాని, వాచ్‌మన్ అదిలించేసరికి ముందుకు కదిలింది.

గేటు అవతల వేపచెట్టు కింద తమ్ముణ్ణి ఎత్తుకుని సుగుణ నిలబడి ఉంది.

ఆ రోజు మృగశిర. ఏటా మిరుగం నాడు ఇంట్లో చేపల కూర వండాల్సిందే. పని వదిలాక ముగ్గురూ కలిసి బజారుకు పోయి చేపలు కొనాలని పొద్దున అనుకున్నారు. అందుకని ఆ పిల్ల ఇంటికి పోయి, పిల్లవాడికి చక్కెరనీళ్లు పట్టి, మళ్లీ అంత దూరం నడిచి వచ్చింది. ఆమె పక్కనే తోటి పిల్లలు ఇద్దరు తమ తల్లుల కోసం ఎదురుచూస్తున్నారు. ముగ్గురూ గేటువైపే చూస్తున్నారు. రుక్కమ్మ కూతురి కళ్లలోకి ఒక్కసారి చూసి, తర్వాత నేల చూసింది. చెయ్యి మాత్రం దించలేదు. దించమని ఇంకా ఎవరూ చెప్పలేదు మరి.

ఇంటికి పోయే దారిలో సుగుణ రెండడుగులు ముందే నడిచింది. బజారు వచ్చినా ఆగలేదు.

చేపలు బాలనర్సయ్యే తెచ్చాడు. రెండు చిన్న బొచ్చెలు గుమ్మంలో పెట్టి, "ఇయ్యాల రేటు మండిపోతున్నది. అయినా మిరుగం నాడు తినకుంటెట్ల?" అన్నాడు. అంతలోనే రుక్కమ్మ ముఖం చూసి, "ఏమైందే?" అని అడిగాడు.

"ఏం లేదు. పని ఎక్కువైంది."

రుక్కమ్మ చేపలు కడిగి, పసుపు రాసి, చింతపండు పిసికి పొయ్యి మీద పెట్టింది. వాడంతా అదే వాసన. పక్కింటి పిల్లలు ముళ్లు తీసుకుంటూ గోల చేస్తున్నారు. బాలనర్సయ్య తిని, చెయ్యి కడుక్కుని, చుట్ట ముట్టించుకుని వాకిట్లోకి పోయాడు. సుగుణ పళ్లెంలో ముక్క పెట్టినది పెట్టినట్టే ఉంది.

"తిను బిడ్డా."

"నాకొద్దు."

"రేపటి సంది బడి లేదని అలుగుతున్నవా?"

సుగుణ తలెత్తింది. ఆ కళ్లలో నీళ్లు లేవు.

"నేనే పోను. నువ్వు పొమ్మన్నా, వద్దన్నా, నేనే పోను. గేటుకాడ మా కలాసు పిల్లలుండిరి. రేపు బడిల అందరికి చెప్తరు, దూది దొంగ బిడ్డ వచ్చిందని."

రుక్కమ్మ చేతిలో గరిటె అట్లాగే ఉండిపోయింది. పొద్దటిదాకా బడి మానను అని ఏడ్చిన పిల్ల! ఈ ఏడుపు మాన్పించడానికి ఎన్ని మాటలు చెప్పాలోనని వారం నుంచి పరేషాన్ అవుతోంది తను. ఇప్పుడు చెప్పాల్సిన పనే లేకుండా పోయింది. పిల్ల తనంతట తనే మానేస్తానంటోంది. తనకు కావలసింది అదే. కాని ఈ కారణంతో కాదు.

"నువ్వు నిజంగ తీసినవా అమ్మా?"

"తీసిన."

"ఎందుకు?"

వాకిట్లో మొగుడున్నాడు. రుక్కమ్మ గొంతు బాగా తగ్గించింది. "పగటీలి మీ తమ్ముడు ఏడుస్తుంటే ఇనపడ్డదే. పాలు కారిపోయినయి. రైకంత తడిసింది. సుట్టూ మొగోళ్లు తిరుగుతున్నరు. ఏం జెయ్యాలె? బల్ల మీది దూదిలకెల్లి జర తీసి పెట్టుకున్న."

సుగుణ తల్లి దగ్గరికి జరిగింది.

"మరి గా మాట గా సారుకు ఎందుకు చెప్పలే?"

"మొగోళ్ల ముందట ఎట్ల చెప్తనే? సిగ్గైంది."

"దొంగ అంటే సిగ్గు కాలేదా?"

ఆ పిల్ల ఎగతాళికి అడగలేదు, తెలియక అడిగింది. అందుకే ఆ మాట ముల్లులా లోపలికి దిగింది. సిగ్గుపడాల్సిన చోటు ఒకటైతే తాను ఇంకోచోట సిగ్గుపడిందా? బిడ్డకు పాలున్నందుకు సిగ్గుపడి దొంగనైంది. ఆ దొంగతనాన్ని ఇప్పుడు ఈ పిల్ల నెత్తికెత్తుకుని బడి మానేస్తోంది. సుగుణ లేచి తన పళ్లెం తెచ్చి పొయ్యి దగ్గర పెట్టింది. రుక్కమ్మ ఆ ముక్కను మళ్లీ కూరలో వెయ్యలేదు, తను తినలేదు. దానికేసి చూస్తూ పొయ్యి ఆరిపోయేదాకా కూర్చుంది.

తెల్లవారి ఊరబావి దగ్గర భాగ్యమ్మ కలిసింది. ఎండాకాలం చివరికి నీళ్లు అడుగంటి, ఒక్క బిందె నిండడానికి ఎన్నోసార్లు చేదాల్సి వస్తోంది. రుక్కమ్మ తాడు పట్టుకుని తల వంచుకునే తోడుతోంది.

"నిన్న నేను నోరు తెరవలే. రాత్రంత నాకు నిద్ర పట్టలే రుక్కా," అంది భాగ్యమ్మ. "నీ రైక తడిసింది చూసిన. గట్లనే నాకూ ఒకప్పుడు అయింది. నా పెద్దోడు పాలు తాగేటప్పుడు నేను పాతబట్ట పెట్టుకొని పోయేదాన్ని. మనందరం గంతే."

"నాకు తెల్వకపాయె," అంది రుక్కమ్మ.

"ఎవ్వరు చెప్పుకుంటరు? ఆఫీసు ఎనక రూము చూసినవా, తాళమేసి ఉంటది? అది మనసొంటి పనోళ్ల పిల్లలను పండవెట్టే రూమే. గవర్నమెంటు ఆఫీసరు చూడవస్తుండంటే అండ్ల ఉయ్యాల కట్టి, ఊడ్చి, తలుపు తెరుస్తరు. ఆయన జీపు అటు పోంగనే ఇటు అట్టపెట్టెలు నింపుతరు. పోయినసారి ఊడ్చింది నేనే."

రుక్కమ్మ చేదుతున్న తాడు చేతిలోనే ఆగిపోయింది. బకెట్టు బావి మధ్యలో వేలాడుతూ నీళ్లు ఒలకబోసుకుంది.

ఇంటికి వచ్చి సుగుణను లేపింది. నూనె పెట్టి బిగించి జడ వేసింది. పోయినేడు తొడిగిన గౌనే తీసి, కురచైన అంచు విప్పి దించి కుట్టింది.

"నేను పోనన్న గద," అంది సుగుణ.

"పో. ఎవరన్నా అడిగితే మా తమ్మునికి పాలియ్యనియ్యలేదు, గందుకే తీసిందని చెప్పు. సిగ్గువడకు. నేను పడ్డ సిగ్గు చాలు మనిద్దరికి."

"పిలగాడో?" అని బాలనర్సయ్య తలుపు దగ్గర నిలబడి అడిగాడు.

"నాతోని వస్తడు."

"ఫ్యాక్టరీలకు రానిస్తరా? కొలువు పోతే కిరాయి ఎవరు కడ్తరు? నీకేమన్న దిమాగు ఖరాబైందా?"

ఆ భయం రుక్కమ్మకూ ఉంది. అయినా పిల్లవాణ్ణి పాతచీరలో చుట్టి చంకనేసుకుంది. రోజుకు నాలుగున్నర రూపాయల కూలి అది. పోతే మళ్లీ రాళ్లు కొట్టడమే. సుగుణ సందు మలుపు దాకా పోయి వెనక్కి చూసింది, ఇంకా నమ్మకం కుదరనట్టు. రుక్కమ్మ పో అని చెయ్యి ఊపింది.

ఫ్యాక్టరీ దగ్గరికి వచ్చేసరికి ఆడవాళ్లు గేటు తలుపులోంచి ఒక్కొక్కరే లోపలికి పోతున్నారు. వాచ్‌మన్ చెయ్యి అడ్డం పెట్టాడు.

"పిల్లగాన్ని ఏడికి తెస్తున్నవ్? బయట పెట్టి రా."

"వాన్ని చూసేటోళ్లు లేరు. లోపల పిల్లల రూము ఉందంట. అండ్ల పండవెడ్త."

"ఏ రూము? అసొంటిదేం లేదీడ."

మాటలు పెరిగేసరికి చలపతిరావు బయటికి వచ్చాడు. రుక్కమ్మను చూడగానే అతని ముఖం చిరాకుతో ముడుచుకుపోయింది.

"మళ్లీ నువ్వేనా? నిన్న జరిగింది చాల్లేదా? చంటిపిల్లల్ని వేసుకొస్తే పని ఏం సాగుతుంది? ముందు పక్కకు జరుగు, అందరికీ అడ్డం."

నిన్నటి సిగ్గు ఇంకా ఆమె ఒంటి మీదే ఉంది. నిన్న తాను చెయ్యెత్తి నిలబడ్డది ఈ చోటే. రుక్కమ్మ తల ఎత్తలేకపోయింది. అయినా చెప్పింది.

"నిన్న నేను దూది తీసింది పాలు కారుతుంటే సారూ. పిలగాడు బయట ఏడుస్తుంటే మీరు గేటు తియ్యలే. ఇయ్యాల వాన్ని బయట పెట్టి నేను లోపలికి రాను."

లారీ కూలీలు నవ్వబోయి ఎందుకో ఆగిపోయారు. చలపతిరావు ఒక్క క్షణం ఎటు చూడాలో తెలియక లోపలికి చూశాడు. తర్వాత గొంతు పెంచాడు.

"రాకపోతే ఇంటికి పో! నీ చోటుకు పదిమంది దొరుకుతారు. జరుగు!"

"పోను," అంది రుక్కమ్మ. నేల చూస్తూనే అంది. కాళ్లు కదపలేదు.

పని కూత వేశారు. చంకలో పిల్లవాడు ఉలిక్కిపడి లేచాడు. రుక్కమ్మ వెనక భాగ్యమ్మ ఉంది. భాగ్యమ్మ వెనక ఇంకా పాతికమంది ఉన్నారు. గేటు తలుపు పక్కన ఒక మనిషి దాటిపోయేంత జాగా ఉంది.

ఎవరూ దాటలేదు.