జానెడు నల్లతీగ

భర్త కుడిచేతిని ఎత్తి ఒళ్లో పెట్టి, కుర్చీని గోడవైపు జరిపి, ఆమె నడుం పట్టుకుని కాసేపు అలాగే నిలబడింది. ఈ పొద్దు మనిషి మరీ బరువుగా వచ్చాడు. ఆయన్ని తెచ్చి ఇక్కడ కూర్చోబెడితే సగం రోజు గడిచినట్టే. మిగతా సగం సాయంత్రానికి ఉంటుంది. ఇదే మనిషిని ఇదే భుజానికి ఆన్చుకుని, బంకమట్టి దారిలో ఇంటిదాకా ఎక్కించాలి. నడుమ చేసేది బండ్ల కింద పడుకుని చేసే పని కాబట్టి దాన్ని ఆమె నడుం వాల్చడం కిందే జమకట్టుకునేది.

రేకుల షెడ్డు. మూలన పాత బ్యాటరీలు, మేకులకు వేలాడే రంగురంగుల తీగల చుట్టలు, నూనె తాగి నల్లబడిన నేల. బండ్ల వైరింగు చేసే ఆమెను అందరూ కరెంటక్క అంటారు. ఆ పేరు మొదట ఆయనది, కరెంటు మేస్త్రి. పక్షవాతం వచ్చి కుడివైపంతా పడిపోయాక పనితో పాటు పేరు కూడా ఆమె మీద పడింది. పెళ్లయిన కొత్తలో అన్నం క్యారేజీ తెచ్చి, ఆయన తినేదాకా ఉండి, గిన్నెలు సర్దుకుని వెళ్లిపోయేది. ఒకరోజు ఆయన బండి కింద నుంచి, "ఈ లైటు కాస్త పట్టుకో" అన్నాడు. అలా పట్టుకున్న లైటు మళ్లీ దించింది లేదు. "నా మొహం మీద కాదే, తీగ మీద" అని కసిరేవాడు. ఆమె చదువు అదే. ఇప్పుడు ఆయన నోట మాట ముక్కలు ముక్కలుగా వస్తుంది. కసరడం మాత్రం కళ్లతో పూర్తిగా వస్తుంది.

వాన తగ్గి తుంపర మిగిలిన వేళ పాలబండి వచ్చి ఆగింది. కొండమీది పల్లెల్లో పాలు పోయించుకుని కిందికి తెచ్చే చిన్న లారీ అది. ఇరుసుల దాకా బురద పట్టి అట్టలు కట్టింది. డ్రైవరు దిగి, తలగుడ్డ విప్పి మొహం తుడుచుకున్నాడు.

"అక్కా, నిన్న కొండ సగంలో కూరుకుపోయాను. వెనక చక్రాలు బురద చిమ్మడం తప్ప బండి జానెడు కదల్లేదు. పాలన్నీ విరిగిపోయాయి. ఈపూట కూడా వెళ్లకపోతే పైవాళ్లు ఇంక నాకు పాలు పోయరు."

"నాలుగు చక్రాల స్విచ్చి వేశావా?"

"వేశా. లైటు మిణుకుమిణుకుమంటది, అంతే. స్విచ్చి మార్చా, ఫ్యూజు మార్చా. ఇంక మోటారే పోయిందంటున్నారు అందరూ."

"అందరూ అంటే?"

"టీకొట్టు దగ్గరున్నవాళ్లు."

"మరి వాళ్లచేతే చేయించుకోకపోయావా."

కుర్చీలోంచి గురకలాంటి శబ్దం వచ్చింది. అది ఆయన నవ్వు. డ్రైవరు కూడా నవ్వి, "మామ బాగానే ఉన్నాడు" అన్నాడు.

ఆ బండి మామూలుగా వెనక చక్రాలతోనే నడుస్తుంది. స్విచ్చి తిప్పితే గేరుపెట్టె పక్కనున్న చిన్న మోటారు తిరిగి ముందు చక్రాలను కూడా పనిలోకి దించుతుంది. అప్పుడు అడుగున టక్కుమని చప్పుడు కావాలి, లైటు నిలకడగా వెలగాలి. ఆమె తాళం తిప్పించి చెవి పెట్టి వింది. డ్యాష్‌బోర్డు లోపల మోటారుకు కరెంటు వదిలే రిలే టిక్కుమంది. అడుగున ఏ చప్పుడూ లేదు.

గోనెసంచి పరుచుకుని బండి కిందికి దూరింది. మోకాళ్లు మొరాయించాయి. మోటారు ప్లగ్గు ఊడబీకి, మీటరు పుల్లలు పెట్టి, "తిప్పు" అంది. మీటరు పన్నెండు వోల్టులు చూపించింది. కరెంటు నిక్షేపంగా వస్తోంది. అయితే టీకొట్టువాళ్లు చెప్పిందే నిజమా? బ్యాటరీ నుంచి రెండు తీగలు నేరుగా లాగి మోటారుకు తగిలించింది. మోటారు గిర్రున తిరిగింది.

మోటారు బాగుంది. కరెంటు వస్తోంది. రెండూ కలిస్తే మాత్రం పని జరగదు. అత్తా మంచిదే, కోడలూ మంచిదే అన్నట్టుంది వ్యవహారం. ఆమె అలాగే వెల్లకిలా పడుకుని, పైన వేలాడుతున్న తీగల కట్టను చూస్తూ ఉండిపోయింది. పైనుంచి బురదనీళ్లు మెడ మీద బొట్టుబొట్టుగా పడుతున్నాయి. తుడుచుకోవడానికి కూడా ఓపిక లేకపోయింది.

"బ... బల్బు" అన్నాడాయన.

నిజమే. ఖాళీ చేతులతో నడిచేవాణ్ని చూసి ఎంత బరువు మోస్తాడో చెప్పలేం. మీటరు తాగే కరెంటు ఎంతని. ఆమె పాత హెడ్‌లైటు బల్బు తెప్పించుకుని మీటరు చోట పెట్టింది. డ్రైవరు స్విచ్చి తిప్పాడు. బల్బులో తీగ ఆరిపోబోయే బొగ్గులా ఎర్రబడి ఊరుకుంది. పన్నెండు ఉత్తమాటే. బరువు పడేసరికి దారిలో ఎక్కడో చతికిలబడుతోంది.

"నల్లది" అన్నాడాయన.

"తెలుసులేవయ్యా, చూస్తున్నా" అంది ఆమె విసుగ్గా.

ఆమెకు తెలియదు. ఎర్రతీగనే అనుమానిస్తోంది. అయినా బల్బు కొసను నల్లతీగ నుంచి తీసి బండి ఇనుముకు నేరుగా ఆనించింది. బల్బు భగ్గున వెలిగి కళ్లు చెదిరాయి. ఎర్తు పోయింది, కరెంటు బండి ఇనుములోకి తిరిగి వెళ్లే దారి. నల్లతీగను చేత్తో తడుముకుంటూ వెనక్కి వెళితే, గేరుపెట్టె పైన బోల్టు కింద బిగించిన చోట దాని రెండో కొస దొరికింది. పైకి తొడుగు చెక్కుచెదరలేదు. కోసి చూస్తే లోపల రాగి అంతా పచ్చటి చిలుము పట్టి, వేలితో నలిపితే పొడిగా రాలింది.

"దొరికింది" అని కేకేసింది. "జానెడు నల్లతీగ ఇవ్వయ్యా, కొసలు ఒలిచి."

ఇది ఆయన ఇప్పటికీ చేసే పని. పక్కనున్న డబ్బాలోంచి తీగముక్క తీసి, ఎడమచేత్తో పట్టుకుని పళ్లతో తొడుగు ఒలుస్తాడు. ఆమె ఈలోగా బోల్టు విప్పి, కింది ఇనుమును గరుకు కాగితంతో తెల్లబడేదాకా రుద్దింది. రేకుల మీద వాన మళ్లీ మొదలైంది.

"ఏమయ్యా, ఒలిచావా?"

ఆయన జవాబు ఎప్పుడూ ఆలస్యంగానే వస్తుంది. ఆమె ఇంకాస్త రుద్దింది.

"మామ నిద్రపోయినట్టున్నాడక్కా" అన్నాడు డ్రైవరు, సీట్లోంచి వంగి చూసి.

"పగలు నిద్రపోడే" అంటూ ఆమె పాక్కుంటూ బయటికొచ్చింది.

ఆయన తల గోడకు ఆనించుకుని ఉన్నాడు. కళ్లు సగం తెరిచే ఉన్నాయి. వాటిలో కసురు లేదు. ఆమె చేతి మసిని చీరకు తుడిచి, ఆయన ముక్కు దగ్గర వేళ్లు పెట్టింది. తరువాత గుండె మీద పెట్టింది. తరువాత నేలమీద, ఆయన పాదాల దగ్గర కూలబడింది.

పక్కనున్న టైర్లాయన పరుగెత్తి వీధి చివరి డాక్టరమ్మను పిలుచుకొచ్చాడు. డాక్టరమ్మ నాడి చూసి, కళ్లు చూసి, కరెంటక్క భుజం మీద కాసేపు చెయ్యి వేసి వెళ్లింది.

"ఇంటికి తీసుకెళదాం అక్కా" అన్నాడు డ్రైవరు. "వేరే బండి చూసుకొస్తా."

"ఈ వానకి మా దారి ఏ బండీ ఎక్కదు" అంది ఆమె. పాలబండి వైపు చూసి, "నువ్వాయన దగ్గర కూర్చో" అంది.

"ఇప్పుడెందుకక్కా..."

"కూర్చో."

మేకుకున్న చుట్టలోంచి కొత్త తీగ కోసుకుని మళ్లీ బండి కిందికి వెళ్లింది. టార్చి పళ్ల మధ్య పట్టుకుంది. నోట్లో టార్చి ఉంటే ఏడవడం కుదరదు. కళ్లలోంచి వచ్చేది మాత్రం చెవుల్లోకి కారుతుంటే ఆపలేదు. తెలుసులేవయ్యా అంది కదా తను. ఆయన మాటకు తను ఇచ్చిన చివరి జవాబు అదే అయింది. ఆయన చెప్పేదాకా తెలియలేదని ఇప్పుడు చెబుదామన్నా వినేవాడు లేడు. కొస ఒలిచి, రాగి పోగులను మెలిపెట్టి, బోల్టు కింద పెట్టి బిగించింది. చాలు అనిపించాక ఇంకో చుట్టు బిగించింది. ఆ చుట్టు ఆయన అలవాటు.

బయటికొచ్చి తనే తాళం తిప్పి, స్విచ్చి వేసింది. అడుగున టక్కుమంది. లైటు నిలకడగా వెలిగింది.

ఆయన్ని మోయడానికి టైర్లాయనా, డ్రైవరూ సాయం పట్టారు. బండి వెనక పాలక్యాన్లు ఒక పక్కకు నెట్టి, గోనెసంచులు పరిచి పడుకోబెట్టారు. ఆమె ఆయన తలను ఒళ్లో పెట్టుకుని కూర్చుంది. బండి బంకమట్టి దారి దగ్గర ఆగలేదు, జారలేదు. ముందు చక్రాలు మట్టిని పట్టుకుని లాగుతుంటే ఆ బిగువు ఆమె వెన్నుకు తెలిసింది. ఈ దారిలో ఆమె భుజం మీద ఆయన బరువు లేకపోవడం ఎన్నో ఏళ్లలో ఇదే మొదలు. నడుం ఎందుకో ఇంకా వంగే ఉంది.

ఇంటి ముందు ఇరుగుపొరుగు చేరి ఆయన్ని దించుకున్నారు. డ్రైవరు తల వంచుకుని నిలబడ్డాడు.

"నేను ఉండనా అక్కా?"

"పైన పాలు విరిగిపోతాయి. వెళ్లు" అంది.

ఆమె దిగబోతూ, చెయ్యి ఆన్చిన చోట ఏదో తగిలి చూసుకుంది. ఆయన ఎడమ గుప్పిట ఎప్పుడు సడలిందో ఎవరూ గమనించలేదు. బండి అడుగున తడిసిన చెక్క మీద, క్యాన్ల సందున, జానెడు నల్లతీగ పడి ఉంది. ఒక కొస శుభ్రంగా ఒలిచి, రాగి కొత్తగా మెరుస్తోంది. రెండో కొసన తొడుగు మీద పళ్లగాట్లు మాత్రం ఉన్నాయి.